బీరువాలో సీసాలు... కోదాడ దాటేదెలా?

మచిలీపట్నం: విదేశం వెళ్లే వారి ఇంట్లో పెట్టెలు సర్దడం ఎలా ఉంటుందో ఈ డెల్టాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆవకాయ, మాగాయ, గోంగూర వేరువేరుగా సంచుల్లోకి, సంచులు డబ్బాల్లోకి, డబ్బాలు పాత పంచెల మడతల్లోకి చేరతాయి. బందరు లడ్డుకు ఒక మూల, కందిపొడికి ఒక మూల. కాటా మీద పెట్టె నిలబెట్టి 23 కిలోలు దాటిందా లేదా అని ఒకటికి నాలుగుసార్లు చూసుకుంటారు. ఇదంతా అయ్యాక ఇంటి పెద్ద చూపు హాలులోని అద్దాల బీరువా మీద పడుతుంది. పై అరలో కొండపల్లి బొమ్మలు. దాని కింద పిల్లలు బడిలో గెలుచుకొచ్చిన కప్పులు. ఆ కింది అరలో సీసాలు.

నాలుగు రోజుల ప్రయాణమైతే సీసాల ఊసే రాదు. కానీ గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు ఇప్పుడు తరలిపోయేది చదువుకునే కుర్రాళ్లు మాత్రమే కాదు. కొడుకో కూతురో అక్కడే స్థిరపడ్డాక తల్లిదండ్రులు కూడా ఇల్లు అమ్ముకుని, లేదా తాళం పెట్టి, శాశ్వతంగా మకాం మారుస్తున్నారు. మంచాలు బంధువులకు వెళతాయి, గేదె ఇరుగుపొరుగుకు వెళుతుంది. సీసాల దగ్గరే ఆలోచన ఆగిపోతుంది.

ఈ సీసాలు ఎక్కడివి? చాలా ఇళ్లలో సమాధానం ఒకటే. పిల్లలు వచ్చినప్పుడల్లా విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొని తెచ్చినవి. బయటి దేశం నుంచి వచ్చే పెద్దవారికి 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవడానికి మన కస్టమ్స్ నిబంధనలు ఒప్పుకుంటాయి. అంటే మనిషికి రెండు లీటరు సీసాలు. ఒకటి మావగారికి, ఒకటి నాన్నగారికి. సంవత్సరానికో రాకపోక ఉన్నా పదేళ్లకు అర నిండుతుంది. వాటిలో సగం సీసాలకు సీలు కూడా తీసి ఉండదు. తీస్తే అయిపోతుందని తీయరు. కొన్ని ఇళ్లలో పెద్దాయనకు అసలు తాగే అలవాటే ఉండదు. ఇది పెద్దవాడు ఉద్యోగంలో చేరిన ఏడు తెచ్చింది, ఇది మనవరాలు పుట్టినప్పుడు అల్లుడు తెచ్చింది అని చూపించుకోవడంతోనే తృప్తి. చుట్టాలు వచ్చినప్పుడు సీసా బయటికి తీసి, లేబులు చదివించి, మళ్లీ లోపల పెట్టడం కూడా ఒక మర్యాదే.

అక్కడి నుంచి కొడుకు ఫోనులో చెప్పేది వేరు. "అవన్నీ ఎందుకు నాన్నా, ఇక్కడ వీధి చివర అంతకంటే చవగ్గా దొరుకుతాయి" అంటాడు. నిజమే కావచ్చు. అయితే వీధి చివర దొరికే సీసా మీద మనవరాలు పుట్టిన సంవత్సరం ఉండదు గదా.

పాతబడితే విలువ పెరుగుతుందా?

ఇక్కడ ఒక భ్రమ తొలగించుకోవాలి. ఇరవై ఏళ్లు దాచాం కాబట్టి విస్కీకి ఇరవై ఏళ్ల వయసు కలిసిందని చాలామంది నమ్మకం. పెట్టెల్లో ఆవకాయను తీసేసి సీసాకు చోటిచ్చేది కూడా ఈ నమ్మకంతోనే. విస్కీ ముదిరేది చెక్క పీపాలో. సీసాలోకి దిగిన రోజుతో దాని వయసు ఆగిపోతుంది. లేబులు మీద పన్నెండేళ్లని రాసి ఉంటే అది పీపాలో గడిపిన కాలం. 1995లో కొన్న పన్నెండేళ్ల సీసా ఈనాటికీ పన్నెండేళ్లదే.

పైగా మన వాతావరణం దానికి పనికిరాదు. బందరు సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడుతుంటే సీసా మీది రేకు మూత ఎంత? వానాకాలపు చెమ్మకు లేబులు బూజు పడుతుంది. రోహిణీ కార్తెలో బెండు మూత ఎండి సందు ఇస్తే, సీలు తీయని సీసాలోనే మట్టం అంగుళం దిగుతుంది. ఇంట్లో కుర్రవాళ్ల మీద అనుమానపడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. ద్రాక్ష సారాయిని పడుకోబెట్టి దాస్తారు గాని, విస్కీ, బ్రాందీలను నిలబెట్టే ఉంచాలి. ఘాటు తగిలితే బెండు చివికిపోతుంది.

అరుదైన సీసాలకు లండన్ వంటి చోట్ల వేలాలు జరుగుతాయన్న మాట నిజం. మన బీరువాల్లో ఉండేవి అలాంటివి కావు. లక్షల సంఖ్యలో తయారై అన్ని విమానాశ్రయాల్లోనూ దొరికేవి. ఒకవేళ విలువైనదే ఉన్నా లైసెన్సు లేకుండా ఒక్క సీసా అమ్మినా ఇక్కడ అబ్కారీ నేరమే. కాబట్టి ఆ అర విలువ బజారులో కట్టేది కాదు, ఇంట్లోవాళ్లు కట్టుకునేదే.

బందరుకు సీసా కొత్త కాదు

ఓడల్లో సామానుతోపాటు మద్యం మోసుకు తిరగడం బందరుకు నాలుగు వందల ఏళ్ల పాత ముచ్చట. డచ్చివారు 1605లో, ఇంగ్లీషు కంపెనీ వారు 1611లో ఇక్కడ దిగారు. బందరుకోటలో డచ్చివారి సమాధులు ఇంకా నిలిచి ఉన్నాయి, పురావస్తు శాఖ రక్షణలో. వారు ఐరోపా నుంచి ద్రాక్ష సారాయి తెప్పించుకునేవారు. అది చాలనప్పుడు ఇక్కడి సారాను నిమ్మరసం, పంచదార, నీళ్లు, మసాలా దినుసులతో కలిపి తాగేవారు. అయిదు వస్తువులు గనుక దానికి 'పంచ్' అని పేరు వచ్చిందని, అది మన 'పంచ' మాటేనని ఎక్కువమంది పండితులు చెబుతారు. ఆ మాట ఇంగ్లీషు రాతల్లో కనిపించే తొలి ఆధారాల్లో ఒకటి 1632 నాటి ఉత్తరం. కంపెనీ ఉద్యోగి ఒకడు అది రాసింది ఎక్కడో ఉన్నవాడికి కాదు. దివిసీమకు కృష్ణ అవతల ఒడ్డున, ఆనాడు పెదపల్లి అని పిలిచిన నిజాంపట్నంలోని వర్తకుడికి!

ఇక దివిసీమ తాటితోపుల కల్లు మాత్రం ఏ ఓడా ఎక్కలేదు. ఉదయం దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతుంది. దాన్ని దాచడమూ కుదరదు, మోయడమూ కుదరదు. దేశం కాని దేశంలో ఉన్న దివి తాలూకా మనిషికి ఏ దుకాణంలోనూ దొరకనిది అదొక్కటే కాబోలు.

మొన్నటి తరం వారి సంగతీ చెప్పుకోవాలి. అమెరికా 1965లో తన వలస చట్టం మార్చాక ఈ ప్రాంతం డాక్టర్లు, ఇంజనీర్లు బయలుదేరారు. ఆ రోజుల్లో విదేశీ మారకం కొరత వల్ల వెళ్లేవారికి ఇక్కడ ఇచ్చింది ఎనిమిది డాలర్లు. ఆ ఎనిమిది డాలర్లతో దిగిన వారికి సీసాలు దాచే బాధ లేదు. ఇప్పటి బాధ కలిగినవారి బాధ అని ఎవరైనా అంటే కాదనలేం. అయినా కేసు పడితే కలిగినవారికీ లేనివారికీ ఒకటే.

ముందు ఇంట్లోనే చిక్కు

పెట్టె కట్టడానికి ముందే, బీరువాలో ఉండగానే సీసాల లెక్క చూసుకోవలసిన రాష్ట్రం మనది. ఈ గడ్డ మీద మద్యం చట్టం ఎన్నిసార్లు తిరగబడిందో చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. 1983లో, 1985లో గుడివాడ నుంచి గెలిచిన నిమ్మకూరు రామారావుగారి ప్రభుత్వమే ఎనభైలలో సారా పొట్లాలను ఊరూరా పంపింది. 1992 నాటికి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ ప్రమాణ స్వీకార వేదిక మీదనే మద్య నిషేధం కాగితం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. 1997లో ఆయన అల్లుడి ప్రభుత్వం దాన్ని సడలించింది.

ఆ రెండేళ్లూ అద్దాల బీరువా మూడో అరకు గుడ్డ తెర వేలాడింది. అమ్మినా కొన్నా నేరమైన కాలం అది. తాగేవారు యానాం దారి వెతుక్కున్నారు. పుదుచ్చేరి ఏలుబడిలో ఉన్న ఆ ఊరికి మన నిషేధం వర్తించదు గదా.

ఆ తరవాతి మలుపు 2019లో వచ్చింది. దుకాణాలను ప్రభుత్వమే తీసుకుంది. పర్మిటు లేకుండా ఒక మనిషి దగ్గర ఉండదగిన విస్కీ, బ్రాందీ సీసాలను మూడుకు తగ్గించింది. 2020 మే నెలలో ధరలు రెండు విడతలుగా పెరిగేసరికి జనం తెలంగాణ వైపు పరుగెత్తారు. గరికపాడు చెక్‌పోస్టులో సంచులు తడిమి చూడడం నిత్యకృత్యమైంది. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు మూడు సీసాల వరకు పొరుగు రాష్ట్రం నుంచి తెచ్చుకోవచ్చంది. అక్టోబరులో ప్రభుత్వం ఉత్తర్వు సవరించి, పర్మిటు లేనిదే బయటి రాష్ట్రపు సీసా కుదరదంది. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి.

ఇన్ని మలుపుల్లో సామాన్యుడు గుర్తుంచుకోవలసింది ఒక్కటి. చట్టం లెక్కపెట్టేది సీసాలనే, ఎవరు ఎప్పుడు ప్రేమగా తెచ్చారన్నది కాదు. పన్నెండు సీసాలు పన్నెండేళ్లలో పోగుపడ్డాయని చెబితే వినడానికి బాగానే ఉంటుంది. తనిఖీకి వచ్చినవారి పంచనామాలో మాత్రం పన్నెండు సీసాలు అనే రాస్తారు. అందుకే డ్యూటీ ఫ్రీ దుకాణం బిల్లులు పారేయకూడదు. పెళ్లి శుభలేఖలు యాభై ఏళ్లు దాచే ఇళ్లలో కూడా ఈ బిల్లు ఒక్కటి దొరకదు!

ఈ లెక్క తప్పితే పోయేది సీసాలే అయితే అంత దిగులు లేదు. మకాం మార్చే మనిషికి అసలు ప్రమాదం వేరే చోట ఉంది. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్న వారికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఆ కోర్టు నుంచే అనుమతి తెచ్చుకుంటే తప్ప దారి లేదు. అబ్కారీ కేసు కూడా క్రిమినల్ కేసే. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టు అయ్యారా అని సూటిగా అడుగుతారు. అవునంటే వివరం చెప్పుకోవాలి, కాదని అబద్ధం రాస్తే అంతకంటే పెద్ద ముప్పు. జీవితమంతా పోలీసు స్టేషను గడప తొక్కని మనిషి, కొడుకు దగ్గరకు వెళ్లే ఏడాది నాలుగు సీసాల కోసం వాయిదాలకు తిరిగితే ఎంత కష్టం! ప్రయాణానికి ముందే ప్రొహిబిషన్, ఎక్సైజ్ స్టేషనుకు వెళ్లి ఆ రోజుకు పరిమితి ఎంత ఉందో అడిగి తెలుసుకోవడం నామోషీ కాదు.

సీసాకు మొదటి విదేశం

బందరు నుంచి బయలుదేరిన 65వ నెంబరు జాతీయ రహదారి పామర్రు, ఉయ్యూరు, విజయవాడ మీదుగా హైదరాబాదు వెళుతుంది. 2014 జూన్ 2 దాకా శంషాబాదు విమానాశ్రయం మన రాష్ట్రంలోదే. ఇప్పుడు కాదు. గన్నవరం నుంచి విదేశీ విమానాలు తక్కువ కావడంతో దూరదేశాలకు వెళ్లేవారిలో ఎక్కువమంది కారులో శంషాబాదుకే పోతారు. అంటే సీసాలకు అమెరికా కంటే ముందు కోదాడ వస్తుంది. ఒక రాష్ట్రంలో పన్ను కట్టిన మద్యం మరో రాష్ట్రంలో పన్ను కట్టని మద్యంగా మారిపోతుంది. మనిషికి లేని సరిహద్దు సీసాకు ఉంటుంది. ఇక్కడి బ్రాందీ షాపులో కొన్న సీసాలకు ఎగుమతి పర్మిటు కావాలి. ఆ మాట ఎవరూ చెప్పరు, పట్టుబడినప్పుడే తెలుస్తుంది.

కాబట్టి ఇక్కడ కొన్న సీసాలను మోసుకెళ్లే ఆలోచన మానుకోవడమే నయం. వాటిలో ఉన్నది కూడా అంత చెప్పుకోదగ్గది కాదు. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే చవక రకాల్లో చాలా భాగం చక్కెర మడ్డి నుంచి తీసిన స్పిరిటే. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి డిస్టిలరీ ఉన్నదీ ఆ మడ్డి వల్లనే. ఐరోపా చట్టం ధాన్యం నుంచి తీసినదాన్నే విస్కీ అంటుంది. ఇక్కడి విస్కీలు చాలావాటిని అక్కడ ఆ పేరుతో అమ్మనివ్వరు.

విమానం ఎక్కితే డిగ్రీల లెక్క

కోదాడ గట్టెక్కితే తరవాతి లెక్క విమానానిది. అది అన్ని దేశాల విమానాలకూ ఒకటే. సీసా మీద శాతం అంకె చూడాలి. 24 శాతం లోపు ఉన్న వైను, బీరుకు ప్రమాదకర వస్తువుల నిబంధన లేదు, బరువు నిబంధన ఒక్కటే. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్నవి మనిషికి మొత్తం 5 లీటర్లు, అవీ దుకాణంలో కొన్న సీలు సీసాలే. 70 శాతం దాటితే అసలు ఎక్కనివ్వరు, అది నిప్పు అంటుకునే సరుకు కింద లెక్క. మన విస్కీ, బ్రాందీల మీద 42.8 అని ఉంటుంది గనుక మధ్య తరగతిలోకి వస్తాయి. 750 మిల్లీలీటర్ల సీసాలు ఆరయితే నాలుగున్నర లీటర్లు. ఏడోది పెడితే లెక్క తప్పుతుంది. సీలు తీసి సగం తాగిన సీసాకు ఈ వెసులుబాటు లేదు. ఇంట్లో కాచినదాన్ని నీళ్ల సీసాలో పోసుకు వెళదామనుకునే మహానుభావులకు వేరే చెప్పాలా?

చేతి సంచిలో పెట్టుకోవడం 2006 నుంచి పోయింది. 100 మిల్లీలీటర్లు మించిన ద్రవం ఏదైనా తనిఖీ దగ్గరే ఆపేస్తారు. లోపలి డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్నది మాత్రం సీలు వేసిన సంచిలో ఇస్తారు. దారిలో విమానం మారేవారు ఆ సంచిని ఎక్కడా చింపకూడదు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. చేతిలోని సీసాను అప్పుడే పెద్ద పెట్టెలోకి మార్చుకోవాలి. ఈ చిన్న సంగతి తెలియక, ఊరంతా దాటించిన సీసాను రెండో విమానం దగ్గర చెత్తబుట్టలో వేయవలసి వస్తుంది.

నిండు గాజు సీసా బరువు కిలోంబావుకు అటూ ఇటూ ఉంటుంది. ఆరు సీసాలంటే ఎనిమిది కిలోలు. ఇల్లాలి లెక్కలో అది ఏడాదికి సరిపడా ఆవకాయ. ఈ తగవులో ఎవరు గెలుస్తారో చెప్పనక్కరలేదు.

దిగిన చోట ఎవరి ధర్మం వారిది

ఇక్కడే జాగ్రత్తగా చదవాలి, దేశానికో తీరు. అమెరికాలో 21 ఏళ్లు నిండిన మనిషికి 1 లీటరు సుంకం లేకుండా వదులుతారు. అంతకు మించినా నిషేధం లేదు. కాగితం మీద రాసి సుంకం కట్టాలి. వారి కేంద్రపు ఎక్సైజ్ పన్ను 40 శాతం ఘాటున్న 750 మిల్లీలీటర్ల సీసాకు రెండు డాలర్ల పైచిలుకు వస్తుంది, అంతే. దాచిపెట్టి పట్టుబడితే పోయే పరువు ముందు అది ఎంత? అయితే దిగిన రాష్ట్రపు చట్టం కూడా ఉంటుంది. మరీ ఎక్కువ తెస్తే అమ్మకానికేమోనన్న అనుమానమూ వస్తుంది. తపాలాలో పంపుకుందామంటే వారి తపాలా శాఖ మద్యం ముట్టదు.

కెనడాలో 1.14 లీటర్లు. ఆస్ట్రేలియాలో 18 ఏళ్లు దాటినవారికి 2.25 లీటర్లు. బ్రిటన్ 2021 జనవరి నుంచి ఉదారంగా 4 లీటర్ల విస్కీని వదులుతోంది. ఐరోపా కూటమి దేశాల్లో 1 లీటరు. ఈ అంకెలన్నీ మనిషి వెంట తెచ్చుకునే దానికి.

ఓడలో కంటైనరు మీద ఇంటి సామాను పంపేవారు ఇక్కడే బోల్తా పడుతున్నారు. మకాం మార్చేవారి పాత సామానుకు చాలా దేశాలు సుంకం మాఫీ చేస్తాయి. బీరువా, మంచం, మిక్సీ అన్నీ మాఫీలో వస్తాయి గదా, బీరువాతోపాటు అందులో ఉన్నవీ వస్తాయనుకుంటారు. రావు. బ్రిటన్‌లోనూ ఐరోపా దేశాల్లోనూ ఈ మాఫీ నుంచి మద్యాన్ని, పొగాకును పేరు పెట్టి మినహాయించారు. మన దేశానికి తిరిగి వచ్చేవారి విషయంలో కూడా అంతే. ఎన్నేళ్లు అక్కడ ఉండి వచ్చినా 2 లీటర్లు దాటిన మద్యానికి మాఫీ లేదు, సుంకం కట్టాల్సిందే. విదేశీ విస్కీ మీద మన దిగుమతి సుంకం చాలాకాలం 150 శాతంగా ఉంటూ వచ్చింది. బ్రిటన్‌తో 2025 జులైలో కుదిరిన ఒప్పందంలో దాన్ని 75కు, తరవాత 40కి దించుకుంటూ రావాలని రాసుకున్నారు.

సామాను జాబితాలో ఒక్క సీసా ఉన్నా మొత్తం కంటైనరు తనిఖీకి ఆగవచ్చు. అందుకే చాలా ప్యాకింగ్ కంపెనీలవారు సీసాలు వద్దని ముందే చెబుతారు. జాబితాలో రాయకుండా దుప్పట్ల మధ్య పెడితే రాయనందుకు ఇంకో తప్పు. ఓడ రేవులో సామాను నిలిచిన రోజులకు అద్దె పడుతుంది. ఆ అద్దెతో కొత్త సీసాలు కొనుక్కోవచ్చు.

గల్ఫ్ మాటే వేరు. ఇక్కడి నుంచి ఇళ్లలో పనికి, డ్రైవర్లుగా, ఆసుపత్రి నర్సులుగా కువైట్, సౌదీ, ఖతార్ వెళ్లేవారు ఉన్నారు. కువైట్, సౌదీలకు ప్రయాణికుడు మద్యం తీసుకువెళ్లడం పూర్తిగా నిషిద్ధం. ఖతార్‌కు కూడా ప్రయాణికుడు వెంట తీసుకువెళ్లకూడదు. సుంకం కట్టి విడిపించుకునే మాటే లేదు. సీసా దొరికితే పెట్టెతో సహా మనిషి ఆగిపోతాడు. జైలు, ఆపై దేశం నుంచి పంపివేత. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బు సంగతి ఆ తరవాత. అక్కడి స్నేహితుడికి ఇవ్వమని ఎవరైనా పొట్లం చేతిలో పెడితే, అది పచ్చడి అని చెప్పినా సరే, విప్పి చూడకుండా పెట్టెలో పెట్టకూడదు. నూజివీడు రసం ఊరగాయ అన్నా సరే విప్పాల్సిందే.

మరి అర ఖాళీ అయ్యేదెలా?

బంధువులు ఎక్కువగా ఉన్న ఇళ్లలో దీనికొక పద్ధతి ఏర్పడింది. ప్రయాణం ఖాయమైన నెలలో తమ్ముళ్లకు, బావమరదులకు, వియ్యంకుడికి తలా ఒకటి చొప్పున పంచేస్తారు. ఊరికే ఇవ్వడమే, డబ్బు ముట్టకూడదు. డబ్బు ముట్టిందంటే అది అమ్మకం. మరీ ప్రాణంగా చూసుకున్న ఒకటి రెండింటిని మాత్రం పెద్ద పెట్టెలో పెట్టుకుంటారు. వాటిని ఎంచుకోవడంలోనే ఇంటిల్లిపాది మాట్లాడుకుంటారు. ఖరీదైనది వదిలేసి, మొదటి జీతంతో కొడుకు తెచ్చిన మామూలు రకాన్ని ఎంచుకోవడమే ఎక్కువ.

కట్టే తీరు కూడా చెప్పుకుందాం. మూత చుట్టూ టేపు, దాని మీద ప్లాస్టిక్ సంచి ముడి, ఆపైన మందపాటి తువ్వాలు. పెట్టె అంచుకు కాక నడిమధ్యన, సీసా సీసాకు తగలకుండా. పచ్చడి డబ్బా పక్కన మాత్రం పెట్టవద్దు. రెండింటిలో ఏది కారినా రెండోది పాడవుతుంది. పైగా కస్టమ్స్ వారు పెట్టె తెరిచినప్పుడు గుప్పుమనే ఆ వాసనకు సమాధానం చెప్పలేం.

వెంట తీసుకువెళ్లడానికి ఏ చిక్కూ లేనిది ఇంకొకటి ఉంది. ఖాళీ సీసా. దానికి లీటర్ల పరిమితి లేదు, శాతం లేదు, పర్మిటు లేదు, గల్ఫ్ తప్ప ఎక్కడా అడిగేవారు లేరు. కడిగి ఆరబెడితే అరకిలో బరువు. లోపలిది అన్నదమ్ములతో కలిసి ఒక సాయంత్రం ఖాళీ చేసి, లేబులు చెడకుండా తుడిచి, సీసాను చొక్కాల మధ్య పెట్టుకోవడానికి అభ్యంతరం ఉండదు. ఈ డెల్టాలో ఖాళీ సీసాకు ఎప్పుడూ మర్యాదే. ఫ్రిజ్ తలుపులో నీళ్లకు, కిటికీలో మనీ ప్లాంటుకు, వంటింట్లో నువ్వుల నూనెకు దాన్ని వాడని ఇల్లు అరుదు.

పెట్టెకు తాళం పడ్డాక కూడా బీరువాలో ఒకటో రెండో మిగిలిపోతాయి. కారు హారను మోగుతుంటుంది. శంషాబాదుకు ఆరేడు గంటల దారి. ఇంటి తాళంచెవి అందుకునే పక్కింటి ఆయనకు పెద్దాయన అప్పగింతలు పెడుతుంటాడు. మొక్కకు నీళ్లు పోయండి, కరెంటు బిల్లు చూడండి, ఆ అరలోని దాన్ని మాత్రం తాకకండి, మళ్లీ సంక్రాంతికి వస్తాం...